ఉమ్మడి ఇండెంటు

దిల్‌సుఖ్‌నగర్,
22 సెప్టెంబరు 2011

ప్రియమైన స్వప్నకు,

దుర్గక్కను. ఆశ్చర్యపోకు. దిల్‌సుఖ్‌నగర్‌లో ఉన్నదాన్ని మీర్‌పేట్‌లో ఉన్నదానికి పోస్టులో ఉత్తరం వేస్తున్నానంటే నాకే నవ్వొస్తోంది. కానీ ఈ వారంలో రెండుసార్లు ఫోన్ చేశాను. రెండుసార్లూ తిన్నావా అన్న మాట దాటకముందే అరుచుకున్నాం. రెండోసారి ఎవరు పెట్టేశారో కూడా గుర్తులేదు. ఫోన్‌లో నాకు నోరు ముందు, బుద్ధి వెనక. కాగితం మీద అయితే ఒక మాట రాసి, చదువుకుని, కొట్టేయొచ్చు. ఇప్పటికే కొన్ని కొట్టేశాను. వాటిని చదవడానికి ప్రయత్నించకు.

తెలంగాణ కోసం మీ సమ్మె మొదలైనప్పటి నుంచీ ఆఫీసు సగం ఖాళీ. మందుల కొనుగోలు సెక్షన్‌లో నేనూ, బాపిరాజు గారూ, పై నుంచి రాలే సున్నమూ. నీ కుర్చీలో ఎవరినీ కూర్చోనివ్వలేదు. నువ్వు వచ్చాక మళ్లీ నీ కుర్చీ నీకు అప్పగించాలి కదా.

అసలు సంగతికి వస్తాను. మూడేళ్ల కిందట స్టోరు గది వెనక నువ్వు కొంగు అడ్డం పెట్టుకుని ఏడుస్తూ కనిపించావు. మీ తమ్ముడు మహేందర్‌కు రక్తం గడ్డకట్టని జబ్బనీ, మోకాలిలో రక్తం దిగి కుండలా వాచిందనీ, ఆసుపత్రిలో దానికి వేసే ఇంజెక్షన్ లేదనీ అప్పుడే నాకు తెలిసింది. ఎందుకు లేదని మనిద్దరం పాత ఫైళ్లు తిరగేస్తే ఏం కనపడింది? నల్గొండ వాళ్లు కాసిని అడుగుతారు, కాకినాడ వాళ్లు కాసిని, కర్నూలు వాళ్లు కాసిని. అంత చిన్న ఇండెంట్లకు ఏ కంపెనీ టెండరు వేయదు. పది ఇళ్ల వాళ్లు విడివిడిగా గుప్పెడు బియ్యం అడిగితే కొట్టువాడు తలెత్తి చూడడు, అందరూ కలిసి బస్తా అడిగితే ఇంటికి తెచ్చి దించుతాడు. అలా అన్ని ఆసుపత్రుల అవసరాన్నీ కలిపి ఒకే ఆర్డరు చేశాం. మందు వచ్చింది. మహేందర్ లేచి నడిచాడు.

ఆ ఉమ్మడి ఇండెంటు గడువు ముగుస్తోంది. కొత్తది వచ్చే నెలాఖరులోగా పోవాలి. కోస్తా, సీమ ఆసుపత్రుల అవసరం నేను రాస్తాను. తెలంగాణ ఆసుపత్రులది ఎప్పుడూ రాసేది నువ్వే. నీ భాగం లేకపోతే కంపెనీ అడిగే కనీస పరిమాణం రాదు, మొత్తానికే పోతుంది. నువ్వు ఆఫీసుకు రానక్కర్లేదు. ఇంట్లో కూర్చుని రాసి సంతకం పెట్టు. మా ఆయన చక్రపాణి గారు వచ్చి తీసుకుంటారు. ఆయన సమైక్యం మీటింగులకు వెళ్తున్న మాట నిజమే కానీ మీ టెంటు దగ్గర గొడవపడే మనిషి కాదు, టీ ఇస్తే తాగే మనిషి.

ఒక్క మాట అననా? కలిసి ఉన్నాం కాబట్టే ఆ మందు వచ్చింది. మనం కళ్లారా చూశాం. ఈ మాట కొట్టేద్దామనుకున్నాను, కొట్టేయలేదు.

మహేందర్ కోసం రాయి, స్వప్నా. నా మీద కోపం తర్వాతైనా చూపించుకోవచ్చు.

నీ మేలు కోరే,
దుర్గక్క


మీర్‌పేట్,
29 సెప్టెంబరు 2011

ప్రియమైన దుర్గక్కకు,

నీ ఉత్తరం అందింది. అమ్మకు చదువు రాదు కదా. మహేందర్ గడప మీద కూర్చొని గట్టిగా చదివి వినిపించాడు, కొట్టేసిన మాటలు వెలుతురుకు పెట్టి చూసి మరీ. అమ్మ విని, "గామె మనసు మంచిదే బిడ్డా, నోరే జర ఆగది" అన్నది. ఇకనుంచి నీ ఉత్తరం వస్తే వాడే చదువుతాడట. నీ గొంతు తెచ్చిపెట్టుకుని చదువుతున్నాడు, నువ్వు వింటే కొడతావు.

మాట్లాడినట్టు రాద్దామంటే నాకు చెయ్యి రావడం లేదు. కాగితం ముందు పెట్టుకుంటే బడిలో నేర్పిన తెలుగే వస్తుంది. నా మాట బడిలో ఎవరూ రాయనివ్వలేదు. సమ్మె ఎందుకు అని ఫోన్‌లో అడిగావు కదా, అందులో ఇదీ ఒకటి.

రోజూ పొద్దున ఎల్‌బీ నగర్ చౌరస్తాకు నడిచి పోతున్నాం, బస్సులు లేవు. టెంటు వేశారు. నిన్న ఆడవాళ్లమంతా రోడ్డు మధ్యలో బతుకమ్మ ఆడాం. విజయవాడ పోయే లారీలన్నీ ఆగిపోయాయి. ఒక లారీ డ్రైవరు దిగి వచ్చి, గునుగు పూలు రాలిపోతుంటే ఏరి పళ్లెంలో పెట్టాడు. జీతం లేదు. అమ్మ పప్పులో నీళ్లు పెంచుతోంది. ఎవరూ ఏమీ అనడం లేదు. నా జన్మలో ఇంతమందితో కలిసి ఒక్క మాట మీద నిలబడటం ఇదే మొదలు, అక్కా. దాన్ని విడిచిపెట్టి ఇంట్లో దొంగచాటుగా ఆఫీసు పని చేయమంటే నాకు చేతకాదు.

మహేందర్ కోసం అన్నావు. వాడినే అడిగాను. మోకాలికి పట్టీ కట్టుకుని వాడూ టెంటులోనే ఉంటున్నాడు. "నువ్వు సమ్మె ఇడిసిపెట్టి గా కాయితం రాసినవనుకో, నేను సూది ఏయించుకోను. గంతే" అన్నాడు. వాడి మొండితనం నీకు తెలుసు. వాడి ప్రాణం కన్నా నాకు ఏదీ ఎక్కువ కాదు. కానీ వాడి మాట కాదని వాడి ప్రాణం ఎట్లా కాపాడను?

ఇంకొకటి. నీ ఆఖరు మాట నాకు ముల్లులా గుచ్చుకుంది. మా ఊళ్లో నాన్న, పెద్దనాన్న వేరుపడ్డప్పుడు వాకిట్లో గోడ లేచింది. ఎడ్లు పంచుకున్నారు, గిన్నెలు పంచుకున్నారు. బావిని మాత్రం పంచుకోలేదు. పొద్దున వాళ్ల మోటరు, మాపటికి మాది. బావి ఒకటే కాబట్టి మీరు వేరుపడొద్దని ఎవరూ అనలేదు. మందు వచ్చింది కలిసి కొన్నందుకు. కలిసి ఉన్నందుకు కాదు.

కాబట్టి నేను ఇండెంటు రాయను. కానీ నల్గొండ ఆసుపత్రి స్టోరు చూసే జంగయ్య మా నాన్నకు ఎరుక. ఆయనా సమ్మెలోనే ఉన్నాడు. నంబరు కింద రాశాను. నువ్వు ఫోన్ చేసి ఊరికే మాట్లాడు. మిగతా జిల్లాల వాళ్ల నంబర్లు ఆయన ఇస్తాడు. మాట్లాడుకోవడాన్ని ఎవరూ బంద్ పెట్టలేదు.

నా కుర్చీ చూస్తున్నందుకు దండం.

ఎప్పటికీ నీ చెల్లె,
స్వప్న


దిల్‌సుఖ్‌నగర్,
14 నవంబరు 2011

ప్రియమైన స్వప్నకు,

సమ్మె ముగిసింది, నువ్వు ఎదురుగానే కూర్చుంటున్నావు. అయినా రాస్తున్నాను. మన సెక్షన్‌లో ఇప్పుడు మీ వాళ్లు ఒక వరుస, మా వాళ్లు ఒక వరుస. నువ్వు నాకు గ్లాసుడు నీళ్లిచ్చినా నలుగురు చూస్తున్నారు. నిన్న క్యాంటీన్‌లో నిన్ను చూసి తల తిప్పుకున్నాను. పక్కన మా ఉద్యోగుల అసోసియేషన్ వాళ్లున్నారు. మనసులో పెట్టుకోకు.

మహేందర్‌ను ఈ కథ మీ అమ్మకు గట్టిగా చదివి వినిపించమను, వాడికి నచ్చుతుంది. నేను జంగయ్యకు ఫోన్ చేశాను. ఆయన ముందు గంభీరంగా, "మేడం, నేను సమ్మెల ఉన్న. పని చెయ్య. ఊకెనే మాట్లాడుతున్న. మీరు రాసుకుంటే నాకు తెల్వది" అన్నాడు. తర్వాత ఊరికే మాట్లాడుతూ తమ ఆసుపత్రికి వచ్చే పిల్లల పేర్లూ, ఎవరికి ఎంత మందు పడుతుందో, ఎవడు సూది చూస్తే పరిగెడతాడో అన్నీ చెప్పాడు. వరంగల్ ఆవిడ నన్ను ముందు బాగా తిట్టింది, ఆంధ్ర దొరసానివన్నది, తిట్టి అలసిపోయాక అవసరం చెప్పింది. కరీంనగర్ ఆయన టెంటులోంచే మాట్లాడాడు. వెనక నినాదాలు, మధ్యలో మందు లెక్క.

నోటిమాట మీద ఇండెంటు వేయడం నియమం కాదు. బాపిరాజు గారు కళ్లజోడు పైకి నెట్టి, "సమ్మెలో ఉన్న జిల్లాల ఇండెంట్లు నీకెలా వచ్చాయమ్మా?" అన్నారు. "రోగం సమ్మెలో లేదు కదండీ" అన్నాను. ఆయన కలం మూత తీసి సంతకం పెట్టారు. మాట తేడా వస్తే ఇద్దరి ఉద్యోగాలూ ఊడేవి. రాలేదు. మందు వచ్చింది.

మొన్న ఆదివారం మీ ఇంటికి వచ్చినప్పుడు మీ అమ్మ అండాలమ్మ గారు పెట్టిన జొన్నరొట్టె, పచ్చిపులుసు ఇంకా నోట్లోనే ఉన్నాయి. నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుని, "మీ దిక్కు పచ్చళ్ల కారం ఎక్కువంటరు గని, మాటల ఇంకా ఎక్కువున్నది" అందావిడ. మహేందర్ నవ్వలేక చచ్చాడు. వాడు మా వీధిలోనే కోచింగ్‌కు వస్తున్నాడట కదా. మధ్యాహ్నం మా ఇంటికి వచ్చి తినమను. మా నాన్నగారు లెక్కలు చెబుతారు. విశ్వేశ్వరరావు మాస్టారు మలక్‌పేటలో ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పారు, ఇప్పుడు చెప్పించుకునే వాళ్లు లేక నన్ను వేధిస్తున్నారు.

బావి సంగతి రాశావు. చాలా రోజులు ఆలోచించాను. జవాబు దొరకని మాట అన్నందుకు నీ మీద కాస్త కోపంగానే ఉంది.

ప్రేమతో,
నీ దుర్గక్క


మీర్‌పేట్,
27 ఫిబ్రవరి 2014

ప్రియమైన దుర్గక్కకు,

నల్గొండ స్టోరుకు బదిలీ అయి ఏడాది దాటింది. పొద్దున్నే ఎల్‌బీ నగర్‌లో బస్సెక్కితే మళ్లీ చీకటి పడ్డాక దిగడం. నిన్ను చూసి నెలలవుతోంది. బిల్లు పార్లమెంటులో గట్టెక్కిన రోజు నీకు ఫోన్ చేద్దామని నంబరు నొక్కి, మోగకముందే పెట్టేశాను. ఏమని చెప్పను? నాకు పండగ. నీకు కాదు. నా సంతోషం నీతో చెప్పుకోకుండా ఉండటం నాకు కష్టంగానే ఉంది. కానీ చెబితే నీకు ఇంకా కష్టం.

పోయిన ఏడు మీ వాళ్లు సమ్మె చేసినప్పుడు నేను నల్గొండ నుంచే మీ ఆసుపత్రులకు ఫోన్లు చేసి నీ పని చేశాను. అది గొప్పకు చెప్పడం లేదు, నువ్వు నేర్పిన పనే. కాకినాడ ఆసుపత్రి ఆయన నాకు పెట్టిన తిట్లు మహేందర్ రాసిపెట్టుకున్నాడు, కొత్త మాటలు నేర్చుకోవచ్చని.

ఇప్పుడు అడగవలసింది అడుగుతాను. ఇక కొద్ది నెలల్లో రెండు రాష్ట్రాలు. పాత ఆర్డరు పాత రాష్ట్రంతోనే పోతుంది. మా జిల్లాల రోగుల అవసరం అంతా కలిపినా కంపెనీ అడిగే కనీసానికి చేరదు. మీ జిల్లాల్లో ఈ మూడేళ్లలో రోగులు పెరిగారు కాబట్టి మీకు చేరుతుంది. మన జంగయ్య కనుక్కున్నాడు. రెండు ప్రభుత్వాలు కలిసి ఒకే ఆర్డరు ఇవ్వడానికి అడ్డం లేదట. ధర ఒకటే, ఎవరి వాటా డబ్బు వాళ్లు కట్టుకోవాలి, ఎవరి ఆసుపత్రికి వాళ్ల మందు దిగుతుంది. కానీ అలా కొందామని అడిగే ఫైలు నోట్ ఇప్పుడే పైకి పోవాలి. రాష్ట్రం ఏర్పడ్డాక కొత్తగా మొదలుపెడితే ఏడాది పడుతుంది. ఆర్డరు ఫైలు ఉన్నది నీ బల్ల మీద. నోట్ మొదలుపెట్టగలిగేది నువ్వొక్కదానివే.

ఆసుపత్రిలో సీసాలు ఇంకా ఉన్నాయి. వేసవి గడుస్తుంది. ఆ తర్వాత ఏమిటో తెలియదు. మహేందర్‌కు గ్రూప్స్ పరీక్షల యావ తప్ప ఇంకేం పట్టదు. కొత్త రాష్ట్రంలో ఉద్యోగం వాడిదేనట. పోయిన నెల మళ్లీ మోచేయి వాచింది, సూది వేయించుకుని రెండో రోజుకు పుస్తకం పట్టుకున్నాడు. ఆ సూది ఉంది కాబట్టి ఇంట్లో అందరం నిద్రపోతున్నాం.

విడిపోవాలని కొట్లాడిన దాన్ని కలిపి కొందామంటున్నానని నీకు నవ్వు రావచ్చు. నవ్వుకో. నోట్ మాత్రం రాయి, అక్కా.

నీ చెల్లె,
స్వప్న


దిల్‌సుఖ్‌నగర్,
9 మార్చి 2014

స్వప్నకు,

నీ ఉత్తరం చదివాను. నవ్వు రాలేదు.

బిల్లు గట్టెక్కిన సాయంత్రం మా వీధిలో ఊరేగింపు వచ్చింది. డప్పులు, టపాకాయలు. మా గేటంతా గులాల్. మా నాన్నగారు మంచంలోంచి, "ఏమిటమ్మా ఆ చప్పుడు, ఎవరి పెళ్లి?" అని అడుగుతున్నారు. ఆయనకు ఏం చెప్పమంటావు? ముప్పై ఏళ్లు ఆ డప్పు కొట్టేవాళ్ల పిల్లలకే లెక్కలు నేర్పారు. నేను పుట్టింది మలక్‌పేటలో. నాకు ఇంకో ఊరు లేదు. అమ్మమ్మ గారి తెనాలికి నేను చుట్టపుచూపుగా వెళ్లేదాన్ని.

ఆ ఊరేగింపులో ఆటో మీద నిలబడి మీ తమ్ముడు ఎగురుతున్నాడు. నన్ను చూసి దిగి, ఎర్రటి చేతులతో గేటు దగ్గరికి వచ్చి "దుర్గక్కా!" అని పిలిచాడు. మా నాన్నగారి దగ్గర లెక్కలు నేర్చుకున్నవాడు, నా చేతి అన్నం తిన్నవాడు. నేను తలుపు వేసేశాను. వేసి, లోపల కూర్చుని ఏడ్చాను. అది కూడా రాస్తున్నాను, తెలుసుకో.

మర్నాడు ఆఫీసులో నిన్నగాక మొన్న చేరిన కుర్రాడు నవ్వుతూ, "మేడం, ఇగ మీ సామాన్లు ఎప్పుడు సదురుకుంటరు?" అన్నాడు. సరదాకే అన్నాడట. అందరూ సరదాకే నవ్వారు.

విడిపోవాలన్నది మీరు. గోడ కట్టమన్నది మీరు. కట్టాక, గోడ మీదుగా చెయ్యి చాపి కాస్త మందు అందించమంటే ఎలా? వేరుపడటం అంటే అన్నింట్లోనూ వేరుపడటమే. మా జిల్లాలకు సరిపోయే ఇండెంటు మేం వేసుకుంటాం. మీది చాలదని నాకు తెలుసు. మీకు ఇప్పుడు ప్రభుత్వం వచ్చింది కదా, అదే చూసుకుంటుంది. మహేందర్‌ను వెళ్లి దాన్నే అడగమను.

ఉమ్మడి అనే మాట ఇక నా చేత రాయించకు. ఈ ఉత్తరానికి జవాబు అక్కర్లేదు.

విజయదుర్గ


హైదరాబాద్, ఆఫీసు నుంచి,
18 జూన్ 2014

ప్రియమైన దుర్గక్కకు,

జవాబు అక్కర్లేదన్నావు. మూడు నెలలు రాయలేదు. ఇప్పుడు రాయక తప్పడం లేదు.

సోమవారం నన్ను నల్గొండ నుంచి మళ్లీ ఇక్కడికి వేశారు, మా వైపు కొనుగోలు సెక్షన్‌కు. మన పాత గది మధ్యలో ప్లైవుడ్ గోడ కొట్టారు కదా. కిటికీ మీకు పోయింది, బీరువాలు మాకు వచ్చాయి. గోడ అవతల నుంచి నీ దగ్గు వినిపిస్తోంది. ఇంకా ఆ దగ్గు తగ్గించుకోలేదు నువ్వు. నేను వచ్చిన సంగతి నీకు తెలుసో లేదో. నాలుగు అడుగులు వేస్తే నీ ముందుంటాను. కానీ ఇది నోటితో చెప్పగలిగేది కాదు. అందుకే రాస్తున్నాను.

మహేందర్ లేడు, అక్కా. మే నెలలో పోయాడు. నీకు తెలియదనే అనుకుంటున్నాను. తెలిస్తే ఏ కోపమూ నిన్ను ఇంట్లో ఆపేది కాదు. నేనే కబురు చేయలేదు. అప్పుడు నీ పేరు తలుచుకోవడానికి కూడా నాకు మనసొప్పలేదు.

జరిగింది జరిగినట్టు చెబుతాను. నీ మార్చి ఉత్తరం వచ్చిన రోజు నేను నల్గొండలో ఉన్నాను. ఎప్పటిలాగే వాడు విప్పి, అమ్మను పిలిచి, గడప మీద కూర్చున్నాడు. విప్పాక గట్టిగా చదవలేదట. అమ్మ, "ఏమంటున్నదిరా దుర్గమ్మ?" అంటే, "బాగున్నదట. నీ ఆరోగ్యం అడిగింది" అన్నాడట. అమ్మ ఇప్పటికీ అదే అనుకుంటోంది. నేను చెప్పలేదు, నువ్వూ చెప్పకు.

సాయంత్రం ఉత్తరం మడతపెట్టి నాకిచ్చాడు. "తప్పు నాదే, అక్కా. గా దినం పెద్దసారు మంచంల ఉన్నడని యాదికి లేదు. సంబురం సంబురంల ఆమెకు మిఠాయి ఇద్దామని పోయిన" అన్నాడు. వాడి జేబులో మిఠాయి పొట్లం ఉన్న మాట నిజం. అది తిరిగి ఇంటికే వచ్చింది, అమ్మా నేనూ తిన్నాం. దుఃఖంలో ఉన్న ఇంటి ముందు ఎగరడం తప్పే. వాడు చిన్నవాడని వెనకేసుకురాను. "మందు గురించి ఫికర్ పడకు, ఏదో ఒకటి చేస్తా" అన్నాను. సరేనన్నాడు.

సరే అన్నది నోటితోనే. ఆ రోజు నుంచి వాడు సూది మానేశాడు. కొత్త మందు రాదు, ఉన్న సీసాలు అయిపోతే మళ్లీ లేవు, చిన్నపిల్లలకు మిగలాలి అని వాడంతట వాడే లెక్క వేసుకున్నాడు. ఆసుపత్రిలో వాడి తోటి రోగులు నాకు తర్వాత చెప్పారు. మోకాలు వాస్తే మంచు గుడ్డ కట్టుకుని, పైన ప్యాంటు వేసుకుని, నేను బస్సు దిగే వేళకు పుస్తకం ముందు కూర్చునేవాడు. నేను చూసేదాన్ని, చదువుకుంటున్నాడు కదా అనుకునేదాన్ని. ఆ మోకాలితోనే కోచింగ్ మెట్ల మీద కూలబడ్డాడు. తల గోడకు తగిలింది. ఇంటికి వచ్చి తలనొప్పి అని పడుకున్నాడు. ఆసుపత్రికి పోదామంటే "ఎండకు నొస్తుంది, ఏం కాలే" అన్నాడు. పొద్దున లేవలేదు.

ఆసుపత్రి ఫ్రిజ్‌లో మందు ఉంది, అక్కా. వాడు ఆ సాయంత్రమే వచ్చి ఉంటే సరిపోయేదని డాక్టరమ్మ అన్నది. అమ్మ ఇంకా వాడి పట్టీలు ఉతికి ఆరేస్తోంది. జూన్ రెండున మీర్‌పేట్ అంతా దీపాలు పెట్టారు. మా గుమ్మం ముందు కూడా ఎవరో ఒక దీపం పెట్టి వెళ్లారు. నేను కోరుకున్న రాష్ట్రం వచ్చిన రోజు అది. నేను బయటికి రాలేదు.

ఇదంతా నిన్ను దోషిని చేయడానికి రాయలేదు. ఇన్నాళ్లూ నిన్నే దోషి అనుకుని బతికాను. అది తేలికగానే ఉంది కూడా. కానీ సోమవారం పొద్దున ఇక్కడ నా బల్ల మీద పెట్టిన మొదటి ఫైలు ఇదే. మందు ఉమ్మడి కొనుగోలు. విప్పితే నీ చేతిరాత. రెండు రాష్ట్రాలు ఏర్పడిన తర్వాత కూడా ఈ మందును ఒకే ఆర్డరుగా కొనాలనీ, ఒకే ధర ఉండాలనీ, ఎవరి వాటా వారు చెల్లించాలనీ, తెలంగాణ జిల్లాల అవసరం ముందుగా చూడాలనీ రాశావు. ఉమ్మడి అన్న మాట నాలుగు చోట్ల ఉంది. కింద నీ సంతకం, బాపిరాజు గారి సంతకం, పై అధికారుల ఆమోదం, కంపెనీ ఒప్పుకోలు. నీ సంతకం కింద తేదీ మార్చి పది.

నాకా ఉత్తరం రాసిన మర్నాడు.

ఆ తేదీ చూసి లేచి బాత్‌రూమ్‌కు వెళ్లి చాలాసేపు నిలబడ్డాను. రాత్రి తిట్టి, పొద్దున్నే ఆఫీసుకు వచ్చి నోట్ రాశావు. నిన్ను ఎరిగినదాన్ని, నువ్వు అట్లాగే చేస్తావని నాకు తట్టి ఉండాల్సింది. తట్టలేదు. నువ్వు చెప్పలేదు, నేను అడగలేదు. నీకు పౌరుషం అడ్డం వచ్చింది, నాకూ అదే అడ్డం వచ్చింది. ఎల్‌బీ నగర్‌లో బస్సు దిగి ఒక్కరోజు మీ ఇంటి దాకా వచ్చి ఉంటే తెలిసేది. రోజూ దిగాను, రోజూ ఇంటికే పోయాను. మధ్యలో నలిగింది వాడు. నీ కోపాన్ని నిజమనుకున్నాడు, నా ధైర్యాన్ని అబద్ధమనుకున్నాడు.

ఇక పని. మా జిల్లాల ఇండెంటు పూర్తి చేశాను, ఈ ఉత్తరంతో పాటు ఫైలు కూడా అటెండరు ఈరమ్మ చేతికి ఇస్తున్నాను. హైదరాబాద్ లెక్కలో ఒకరిని తగ్గించాను. పోయినసారి కన్నా ఎందుకు తగ్గిందని మీ వైపు వాళ్లు అడిగితే నువ్వే చెప్పు. నిజామాబాద్‌లో కొత్తగా ఒక చిన్నపిల్లవాడు చేరాడు, వాడిని కలిపాను. మీ శ్రీకాకుళంలో ఇద్దరు చేరారని జంగయ్య చెప్పాడు, వాళ్లను మర్చిపోకు. ఈ వారంలోనే నీ సంతకం పడితే నెలాఖరుకు మందు దిగుతుంది.

నీ మీద కోపం లేదని రాయలేను. ఉంది. అది ఎప్పుడు పోతుందో కూడా తెలియదు. అమ్మను చూడటానికి వస్తానంటే వద్దనను, నేను ఇంట్లో లేని రోజు చూసి రా. కానీ ఈ ఇండెంటు ఏటా మనిద్దరి చేతుల మీదుగానే పోవాలి. వచ్చే ఏడూ గోడ ఉంటుంది, ఆ పైయేడూ ఉంటుంది. నువ్వు నన్ను ఎంతైనా తిట్టు, నీ వాళ్లు నా వాళ్లను ఎంతైనా అనుకోనీ. సంతకం మాత్రం పెట్టిన రోజే చెప్పు అక్కా, ఆ రోజే చెప్పు.

గోడకు ఇవతల నుంచి,
స్వప్న